రెండో బిళ్ళ

ఫీటుకు ఎనిమిదొందలు. రాత్రి పని గాబట్టి చాయ్ వేరే.
మాట బయటికి పొక్కొద్దు.
ఇదీ ఒప్పందం.

కార్వాన్‌ల అవుసులోళ్ళ ఇల్లు.
నడిమిట్ల గోడ. ఇటు అన్న, అటు తమ్ముడు.
ఆ గోడ లేచిన ఏడు
తాత వాడిన త్రాసును గూడ
చెరొక తట్ట పంచుకున్నరంట.

వంటింట్ల బండలు లేపిచ్చి
మోకాళ్ళ మీద వంగి భూమికి చెవి వెట్టిండు మాణిక్యాచారి.
'మా తాత దివాణాలకు సొమ్ములు జేసినోడు, పోశెట్టీ.
సచ్చేటప్పుడు నోరు వడిపోతే
వేలు కిందికి జూపిండు.'
సచ్చేటోని వేలు కిందికి గాక ఎటు వాలుతది?
నేనడగలే.
ఫీటుకు ఎనిమిదొందలు.

మొదటి రాత్రి బొగ్గు, బూడిద, పగిలిన మూస.
ఆ బూడిదను ఆయన గిన్నెల కడిగి కడిగి
బల్బు కింద ఆరవెట్టిండు.
రెండో రాత్రి ఒట్టి మొరం.
మూడో రాత్రి చారి మొఖం జూస్తే
పని బందైతదని సమజైంది.
నా బిడ్డ స్కూలు ఫీజు
ఇంకా నాలుగు ఫీట్ల లోతుల ఉన్నది.

బేస్తారం నాడు జుమ్మేరాత్ బజార్‌కు వొయిన.
తుప్పువట్టిన తాళాల నడుమ ఒక రాగి బిళ్ళ.
ఇరవై అన్నడు, పన్నెండిచ్చిన.
అరిగిన ఫార్సీ రాత, అంచుకు చిన్న గాటు.
పొద్దుగూకినంక గుంతల దిగి
మట్టిల గుచ్చి, ఉమ్మి పూసి,
గడ్డపారతోని మళ్ళ నేనే లేపిన.
'చారి సాబ్!' అని అరిసిన.
ఆ అరుపు నాకే నిజమనిపిచ్చింది.

ఆ రాత్రి నుంచి చాయ్‌కి బిస్కట్లు తోడైనయి.
ఆయన పెండ్లాం చేతులకు గాజులు తక్కువైనయి.
గోడవతల గూడ అర్ధరాత్రి దబ్బు, దబ్బు.
'ఎలుకలు' అన్నడు చారి.
గడ్డపార వట్టిన ఎలుకను నేనెన్నడూ జూడలే.

వెనకర్రల కిరాయికుండే ఖైరున్నిసా అమ్మ
చీరలకు ఫాల్ కుడుతది.
పొయ్యి కాడి గోడ నెర్రెలిస్తే
అండ్ల రంగురంగుల పేలికలు గుక్కింది.
పొద్దుగాల ఎదురైతే ఒకటే మాట:
'దీవార్ ఆగుతదా బేటా?'
తలూపిన.
ఎటు ఊపిన్నో నాకే ఎరుక లేదు.

పద్నాలుగో ఫీటు కాడ పక్కమట్టి దానంతటదే రాలింది.
బొక్కల నుంచి టార్చిలైటు.
లైటు వెనక తమ్ముడు వీరాచారి, బురదల, మోకాళ్ళ మీద.
నా పక్కపొంటి అన్న.
తొమ్మిదేండ్లకు ఒకరి మొఖం ఒకరు జూసుకున్నరు,
భూమి లోపట.
ఊపిరి చప్పుడు తప్ప ఏం లేదు.
ఆనక ఇద్దరూ ఒక్కసారే అడిగిర్రు:
'నీకేం దొరికింది?'

ఆనకాలం నడిమి గోడ కుంగింది,
దాని ఎంబడే వెనకర్ర.
అమ్మ అప్పుడు నల్లా కాడ బిందె వట్టుకొని ఉన్నది,
గందుకే ఉన్నది.
మున్సిపాలిటోళ్ళు తాడు గట్టి పోయిర్రు.
గుంతలు పూడ్చుడుకు మళ్ళ నన్నే పిలిచిర్రు.
ఈసారి పట్టపగలు. రోజు కూలి.

పూడుస్తుంటే పారకు టంగుమని తగిలింది.
రాగి బిళ్ళ.
నాది చారి దేవుని పటం ముంగట
పసుపుల మునిగి ఉన్నది, గాటుతోని సహా.
దీనికి గాటు లేదు.
దీన్ని నేను వెట్టలే.

ఎవలకు జెప్పాలె?
జెప్తే మళ్ళ తవ్వుతరు. జెప్పకుంటే
నేనొక్కన్నే తవ్వుకుంట ఉంట.
జేబుల ఏసుకొని మట్టి పోసిన.

ఇప్పుడు రాత్రిపూట మా రేకుల ఇంట్ల
బిడ్డ ఎక్కాలు అప్పజెప్పుతుంటది.
నేను వింటున్నట్టే కూసొని
మడిమెతోని గచ్చు తట్టి జూస్తుంట,
ఎక్కడన్న డొల్లగ మోగుతదేమో అని.